వరద తీసిన వీధిలో పరాయివారు చేయగల సాయం: మొదటి రోజు నుంచి మూడో నెల దాకా

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు విజయవాడను ముంచింది. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటిలో కలిసే ఈ వాగుకు వరద వస్తే, వెలగలేరు దగ్గరి రెగ్యులేటరు నుంచి మళ్లింపు కాలువ ద్వారా ఆ నీటిని కృష్ణలోకి పంపాలి. ఆ రోజుల్లో కృష్ణే నిండుకుండలా ఉంది. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటి, బ్యారేజీ చరిత్రలోనే అత్యధికమైన వరదగా నమోదైంది. నదిలోకి దిగవలసిన నీరు దిగలేక, మళ్లింపు కాలువ ఎడమ గట్టుకు గండ్లు పడి, అజిత్ సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ, పాయకాపురం, కండ్రిక వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీటిలోనే ఉండిపోయాయి. గండ్లు పూడ్చడానికి సైన్యం రావలసి వచ్చింది.

అదే రోజు ఖమ్మంలో మున్నేరు పొంగి, ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోతే, ఒక జేసీబీ డ్రైవరు తన యంత్రాన్ని ప్రవాహానికి ఎదురు నడిపి వారిని ఒడ్డుకు చేర్చాడు. వారిలో ఎవరూ అతని బంధువులు కారు. ఆ సాహసానికి చేతులెత్తి నమస్కరించవలసిందే. కానీ అది అందరికీ చేతనయ్యేదీ కాదు, అందరూ ప్రయత్నించవలసిందీ కాదు. ఈ మార్గదర్శి ఆ తరువాత నెలల తరబడి సాగే పని గురించి. ముక్కూ మొహం తెలియని వీధిలోకి వెళ్లి, అక్కడివారి ఇంటి బురద ఎత్తి, వారి కాగితాలు ఆరబెట్టి, వారి పేరు నష్టపరిహారం జాబితాలో ఉందో లేదో చూసి వచ్చే పని అది. ఏ ప్రత్యేక విద్యా లేని మనిషి కూడా ఈ పని బాగా చేయగలడు, నేర్చుకుని చేస్తే.

మన ఊళ్లలో దయకు కొరత ఎన్నడూ లేదు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడూ, 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను కుదిపినప్పుడూ సాయం చేసే చేతులు చాలా దూరాల నుంచే వచ్చాయి. ఆ చేతులు తప్పు సమయంలో, తప్పు వీధిలో, తప్పు వస్తువుతో దిగడం వల్లనే సాయం వృథా అవుతుంది. అందుకే ఈ మార్గదర్శిని నీటి మట్టాన్ని బట్టి రాస్తున్నాను: నీరు నిలిచి ఉన్నప్పుడు ఒక పని, తీసినప్పుడు మరొక పని, ఆరిన తరువాత ఇంకొకటి.

బయలుదేరే ముందు

మొట్టమొదట, మీరు వెళ్లవలసిన అవసరం ఉందో లేదో తెలుసుకోండి. జిల్లా కంట్రోల్ రూమ్ 1077కు గానీ, రాష్ట్ర అత్యవసర కేంద్రం 1070కి గానీ ఫోన్ చేసి, లేదా ఆ ప్రాంతపు వార్డు సచివాలయంలోనో తహసీల్దారు కార్యాలయంలోనో పనిచేసేవారిని అడిగి, ఏ వీధులకు ఇంకా ఎవరూ చేరలేదో కనుక్కోండి. ప్రాణాపాయంలో ఉన్నవారి కబురు మీకు అందితే వెంటనే 112కు చెప్పాలి. మీరే ఈదుకుంటూ వెళ్లకూడదు. మోకాలి లోతు నీరే అయినా వేగంగా పారుతుంటే నిలబడ్డ మనిషిని పడగొడుతుంది. పారని నీటిలోనూ మూత కొట్టుకుపోయిన మ్యాన్‌హోల్, తెగిపడిన కరెంటు తీగ, కూలిన ప్రహరీ గోడ కనిపించకుండా ఉంటాయి. దిగక తప్పని చోట ఆ వీధి మనిషి ముందు నడవాలి, మీరు వెనక నడవాలి, చేతిలో పొడవాటి కర్ర ఉండాలి, ఎప్పుడూ ఇద్దరికి తక్కువ కాకుండా వెళ్లాలి.

ఒంటి మీద మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు, మందపాటి చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. గత అయిదేళ్లలో టీటీ ఇంజక్షన్ వేయించుకోనివారు వేయించుకుని వెళ్లాలి. ఎలుకల మూత్రం కలిసిన వరద నీటిలో రోజుల తరబడి తిరిగేవారికి ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్ వచ్చే ప్రమాదం ఉంది. దానికి ముందు జాగ్రత్తగా వేసుకునే మాత్రలు ఉన్నాయి కనుక వైద్యుని అడిగి తీసుకోండి. కాలి మీద మానని పుండు ఉన్నవారు, మధుమేహం అదుపులో లేనివారు, గర్భిణులు నీటిలోకి రావద్దు. వారికి ఇంటి దగ్గర కూర్చుని చేయదగిన ఫోన్ల పని, లెక్కల పని బోలెడు ఉంటుంది. అది ఏమాత్రం చిన్న పని కాదు.

మీ తిండి, మీ నీళ్లు, మీ బండికి పెట్రోలు, రాత్రి ఎక్కడ పడుకుంటారన్నది మీరే చూసుకుని రావాలి. సాయానికి వచ్చినవాడు ముంపు బాధితుల భోజనం క్యూలో నిలబడితే, ఆ వీధికి ఒక నోరు పెరిగిందే తప్ప రెండు చేతులు కలిసిరాలేదు.

వీధి పుస్తకం

ఈ మార్గదర్శిలో ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి: వస్తువులు కొనడానికి ముందు ఒక నోట్‌పుస్తకం కొనండి. ప్రతి వరదలోనూ జరిగేది ఒకటే. మెయిన్ రోడ్డు పక్కన ఉన్న ఇళ్లకు ఒకే పూటలో మూడు వ్యాన్లు మూడు రకాల పొట్లాలు ఇచ్చి వెళ్తాయి. నడుము లోతు నీరు దాటితే తప్ప చేరలేని చివరి సందుకు సాయంత్రం దాకా మంచినీళ్లు కూడా అందవు. ఇచ్చేవారిలో చెడ్డవారు ఎవరూ లేరు, కానీ వీధి లోపల ఎవరున్నారో వారికి తెలియదు.

తెలిసినవారు ఆ వీధిలోనే ఉంటారు. అంగన్‌వాడీ టీచరుకు ఏ ఇంట్లో చంటిబిడ్డ ఉందో, ఎవరికి నెలలు నిండాయో తెలుసు. ఆశా కార్యకర్తకు బీపీ, షుగరు మందులు వాడేవారు ఎవరో, డయాలసిస్‌కు వెళ్లేవారు ఎవరో తెలుసు. కిరాణా కొట్టు ఆయనకు, పాలు పోసే ఆయనకు ఏ ఇంట్లో ఎందరు ఉంటారో, ఏ గదిలో ఒంటరి ముసలమ్మ అద్దెకు ఉంటోందో తెలుసు. వీరిలో ఒకరిద్దరిని కలుసుకుని, ఇంటింటికీ ఒక వరుస చొప్పున రాసుకోండి: ఇంటి నంబరు లేదా గుర్తు, ఎందరు ఉన్నారు, పసిపిల్లలు, వృద్ధులు, మంచాన ఉన్నవారు, ఆగకూడని మందులు, పనిచేస్తున్న ఫోన్ నంబరు. ఇన్సులిన్ అన్న మాట కనిపించిన ఇంటికి మొదటి గంటలోనే మనిషి వెళ్లాలి.

రేషన్ కార్డు లేనివారిని ప్రత్యేకంగా రాయండి. నిర్మాణ పనులకు ఒడిశా నుంచో బీహారు నుంచో వచ్చి రేకుల షెడ్లలో ఉండే కుటుంబాలు, హాస్టలు పిల్లలు, ఒంటరి అద్దెదారులు ఏ జాబితాలోనూ ఉండరు. ప్రభుత్వ బియ్యం పంపిణీ అయినప్పుడు కూడా వారి వంతు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. పరాయి ఊరి నుంచి వచ్చిన మీరే వారికి పొరుగువారు కావాలి.

నీరు నిలిచి ఉన్న రోజులు

ఈ దశలో కావలసినవి కొన్నే. తాగునీరు, వండిన ఆహారం, పాలు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, దోమల చుట్టలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, శానిటరీ నాప్‌కిన్లు, పిల్లలకూ పెద్దలకూ డైపర్లు, ఛార్జ్ చేసి తెచ్చిన పవర్‌బ్యాంకులు. చివరిదాన్ని చిన్నచూపు చూడకండి. కరెంటు లేని మేడ మీద ఉన్న తల్లికి ఫోన్ ఒక్కసారి మోగితే, హైదరాబాదులో ఉన్న కొడుకు రాత్రంతా కంట్రోల్ రూమ్‌కు ఫోన్లు చేయడం ఆగుతుంది. ఆ లైను మరొకరికి దొరుకుతుంది.

వండిన ఆహారం విషయంలో పెద్ద తప్పు పెరుగన్నంతో, సాంబారన్నంతో జరుగుతుంది. తెల్లవారుజామున వండి, వేడివేడిగా ప్లాస్టిక్ కవర్లో కట్టి, వ్యానులో నాలుగు గంటలు తిప్పి మధ్యాహ్నం ఇస్తే అది పుల్లగా వాసన కొడుతుంది. ముంపులో ఉన్న మనిషికి విరేచనాలు పట్టుకుంటే మరుగుదొడ్డి కూడా నీటిలోనే ఉంటుందని వండేవారు గుర్తుంచుకోవాలి. చింతపండు పులిహోర, చపాతీలు, అటుకులు, బ్రెడ్డు, అరటిపండ్లు, వేయించిన శనగలు దారి ప్రయాణాన్ని తట్టుకుంటాయి. అన్నం పూర్తిగా చల్లారాకే పొట్లం కట్టాలి, పొట్లం మీద వండిన సమయం రాయాలి. ఎన్ని పొట్లాలు కావాలో వీధి పుస్తకం చెబుతుంది కనుక, అంతకు మించి వండకండి.

పాలపొడిని కనిపించిన ప్రతి తల్లి చేతిలోనూ పెట్టకూడదు. తల్లిపాలు తాగే బిడ్డకు ఆ సమయంలో అంతకు మించిన రక్షణ లేదు; సీసా కడగడానికి మంచినీరు లేని చోట డబ్బాపాలే జబ్బు తెస్తాయి. ఆ తల్లికి కావలసింది కడుపునిండా అన్నం, తాగడానికి మంచినీరు, మరుగుగా కూర్చోవడానికి కాస్త చోటు. అప్పటికే డబ్బాపాల మీద ఉన్న బిడ్డకు మాత్రం అదే రకం పొడిని, మరిగించి చల్లార్చిన నీటితో సహా అందించాలి.

మేడల మీద ఉన్నవారికి అందించేటప్పుడు పొట్లాలు పైకి విసరకండి. ఒకటి రెండు నీటిలో పడతాయన్నది అటుంచి, విసిరిన అన్నం అందుకోవలసి రావడం ఆ ఇంటివారిని చిన్నబుచ్చుతుంది. తాడు కట్టిన బకెట్టు దింపమని చెప్పి, అందులో పెట్టి, పేరు అడిగి పంపండి. పక్కింట్లో ఎవరైనా ఉన్నారా అని అప్పుడే అడగండి. కింద నుంచి చూసేవారికి కనిపించని మనిషి పై నుంచి చూసేవారికి కనిపిస్తాడు.

మీ సెల్‌ఫోన్‌కు వచ్చే సందేశాల్లో సగం నిన్నటివి, కొన్ని అబద్ధాలు. ‘మళ్లీ గండి పడింది, అందరూ వెళ్లిపోండి’ అన్న సందేశాన్ని కంట్రోల్ రూమ్‌ను అడగకుండా మరొకరికి పంపడం తొక్కిసలాటకు దారితీయవచ్చు. ‘ఫలానా ఇంట్లో ముసలివారు చిక్కుకున్నారు’ అన్న సందేశం వస్తే, అందులోని నంబరుకు ఫోన్ చేసి, వారిని బయటికి తెచ్చారని తెలిస్తే ఆ మాటనే తిరిగి అదే గుంపులో పెట్టండి. అది చేయనందువల్లనే ఒకే ఇంటికి నాలుగు పడవలు వెళ్తాయి.

నీరు తీసిన ఇల్లు

పరాయివారి చేతులకు ఎక్కువ విలువ ఇక్కడే ఉంది. నీరు తీసేసరికి టీవీ కెమెరాలు వెళ్లిపోతాయి, పొట్లాల వ్యాన్లు తగ్గుతాయి, ఇంటివారు పునరావాస కేంద్రం నుంచి తిరిగివచ్చి తలుపు తీసి నిలబడిపోతారు. తలుపు ఉబ్బి సగమే తెరుచుకుంటుంది. గచ్చు మీద జానెడు నల్లటి బురద, బోర్లా పడ్డ ఫ్రిజ్జు, తడిసి మొలకెత్తిన బియ్యం బస్తా, మురుగు కాలువ వాసన. విజయవాడలో ప్రభుత్వం వీధులనూ ఇళ్లనూ కడగడానికి అగ్నిమాపక వాహనాలను రప్పించింది. అది ఎంతో మేలు చేసింది. అయినా గొట్టం వాకిలి దాకానే వస్తుంది. బీరువా కింద బురద తీయడానికి మనిషే కావాలి.

లోపలికి అడుగు పెట్టే ముందు ఇంటివారితో, ‘అమ్మా, మేం నలుగురం ఉన్నాం, బురద ఎత్తడానికి వచ్చాం, ముందు ఏ గది మొదలుపెట్టమంటారు?’ అని అడగండి. చూడడానికి చిన్న మర్యాదే. అయితే రోజుల తరబడి దేని మీదా తన మాట చెల్లని ఆ ఇల్లాలికి, తన ఇంట్లో మళ్లీ తన మాట చెల్లిన మొదటి క్షణం అది.

తరువాత కరెంటు. మెయిన్ స్విచ్ ఆపి ఉందని చూసుకోవాలి. స్విచ్ బోర్డు తడిగా ఉంటే, లేదా నీటిలో నిలబడితే తప్ప దాన్ని అందుకోలేకపోతే, ముట్టుకోకుండా 1912కు ఫోన్ చేసి కరెంటు వారిని పిలవాలి. గ్యాస్ వాసన వస్తే స్విచ్ వేయకుండా, అగ్గి గీయకుండా తలుపులు, కిటికీలు తీసి బయటికి రావాలి. గోడలు పగిలి ఉబ్బి ఉంటే లోపలికి వెళ్లనే వద్దు.

పాముల సంగతి ముందే చెప్పుకోవాలి. పొడి చోటు వెతుక్కుంటూ అవి బీరువా కిందకి, పరుపు మడతల్లోకి, అటక మీదికి చేరతాయి. ఏ వస్తువునైనా ముందు కర్రతో కదిపి, ఆ తరువాతే చేయి పెట్టాలి. కాటు పడితే కట్టు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. ఉంగరాలు, గాజులు తీసి, కాటు పడిన అవయవాన్ని కదలనివ్వకుండా 108లో ఆసుపత్రికి చేర్చండి. నాటు వైద్యుని దగ్గర పోయే గంట తిరిగి రాదు.

బురద ఎత్తడానికి ముందే ఫోటోలు తీయండి. గోడ మీద నీరు నిలిచిన గీత, మునిగిన ఫ్రిజ్జు, కుట్టుమిషను, మంచాలు, పుస్తకాలు, వాకిట్లో బండి నంబరుతో సహా, అన్నీ ఇంటివారి ఫోనులోనే, వారి అనుమతితో తీయాలి. నష్టం రాసుకునేవారు వచ్చేసరికి ఇల్లు శుభ్రంగా ఉంటే, మునిగిందనడానికి రుజువు ఆ ఫోటోలే. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నేల అంతస్తు మునిగిన ఇంటికి 25 వేల రూపాయలు, పై అంతస్తుల వారికి 10 వేల రూపాయలు ప్రకటించింది. ఏ కుటుంబం ఏ అంతస్తులో ఉందన్న ఒక్క ప్రశ్న మీద అంత తేడా ఉంది.

ఇప్పుడు బురద. తడిగా ఉండగానే ఎత్తాలి. రెండు రోజులు ఎండితే అది గచ్చును పట్టేసి గడ్డపారకు కూడా లొంగదు. పారలు, గమేళాలు, పొడుగు కర్ర వైపర్లు, గట్టి చీపుర్లు, గోనె సంచులు కావాలి. లోపలి గది నుంచి వాకిలి వైపు, గోడ పై నుంచి కిందికి రావాలి. ఎత్తిన బురదను వీధి కాలువలో పోస్తే తరువాతి వాన ఆ వీధినే ముంచుతుంది. రోడ్డు పక్క కుప్ప చేసి, కార్పొరేషన్ ట్రాక్టరుకు ఎత్తించాలి. పరుపులు, దిండ్లు, తడిసిన బియ్యం, పప్పులు, నీళ్లు తగిలిన మందులు మళ్లీ వాడదగినవి కావు. కానీ ఏదీ ఇంటివారిని అడగకుండా బయట పారేయకూడదు.

ఒక ఇంట్లో బీరువా కింది అరలో బురద ముద్దగా మారిన గుడ్డల మూటను కుర్రవాళ్లు చెత్తకుప్ప వైపు తీసుకెళ్తుంటే, ఆ ఇంటి పెద్దావిడ గబగబా వచ్చి అడ్డుకున్నారు. విప్పి చూస్తే పెళ్లినాటి చీర. దాని అంచున జరీ ఇంకా మెరుస్తోంది. ఆమె దాన్ని మూడు బకెట్ల నీళ్లలో, సబ్బు వేయకుండా, పిండకుండా, ముంచుతూ లేపుతూ జాడించి, నీడన తాడు మీద పరిచారు. రంగు సగం దిగిపోయినా చీర నిలిచింది. అప్పటి నుంచి మా జట్టులో ఒక నియమం ఉంది: చెత్తలోకి పోయే ప్రతి మూటనూ ముందు ఇంటివారి ఎదుట విప్పాలి.

కాగితాలకు ఒక మనిషిని ప్రత్యేకించండి. పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి దస్తావేజులు, పదో తరగతి మార్కుల మెమో, ఆధార్, బీమా పత్రాలు, పెళ్లి ఫోటోలు అన్నీ కలిసి ఒకే ముద్దగా ఉంటాయి. వాటిని లాగి విడదీస్తే చిరుగుతాయి. పళ్లెంలో శుభ్రమైన నీరు పోసి, అందులో ముద్దను ఉంచి, బురద దానంతట అది వదిలాక, ఒక్కొక్క కాగితాన్ని అట్ట ముక్క మీదికి జార్చి, పాత వార్తాపత్రికల మధ్య పెట్టి నీడలో గాలికి ఆరనివ్వండి. ఎండలో పెట్టవద్దు, ఇస్త్రీ చేయవద్దు. సిరాతో రాసినవాటిని నీటిలో ముంచకుండా అద్దుతూ ఆరబెట్టాలి. ఆ రోజే అన్నీ చేయలేకపోతే, ప్లాస్టిక్ సంచిలో పెట్టి కరెంటు ఉన్న మరొక ఇంటి ఫ్రీజరులో ఉంచితే బూజు పట్టకుండా ఆగుతాయి. ఆరిన ప్రతి కాగితాన్నీ ఫోటో తీసి వారి ఫోనులో ఉంచండి, మీ ఫోనులో కాదు.

బురద పూర్తిగా పోయి, సబ్బు నీటితో కడిగిన తరువాతే బ్లీచింగ్ పౌడరు వాడాలి; మురికి మీద చల్లితే దాని శక్తి అక్కడే చచ్చిపోతుంది. పది లీటర్ల బకెట్టుకు సుమారు 150 గ్రాములు కలిపి, తేరిన నీటితో గచ్చు, గోడల అడుగు భాగం తుడిచి, పది నిమిషాలుండి కడగాలి. బ్లీచింగును యాసిడ్‌తో గానీ, మరే శుభ్రపరిచే ద్రవంతో గానీ కలపకూడదు. మూసిన బాత్‌రూములో ఆ వాయువు ఊపిరి ఆపేయగలదు.

సంపు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వరద నీరు చేరిన సంపును మోటారుతో ఖాళీ చేసి, మూత తీసి గంటల తరబడి గాలి తగలనిచ్చి, పైన ఇద్దరు కాపలా ఉండగానే లోపలికి దిగాలి. డీజిలు పంపును గానీ, జనరేటరును గానీ గది లోపల, సంపు అంచున నడపకూడదు. దాని పొగకు వాసన తెలియకముందే మనిషి స్పృహ తప్పుతాడు. గోడలు రుద్ది, ఆ నీటినీ తోడేసి, మంచినీరు నింపాక వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు ముందు చిన్న బకెట్టులో కలిపి, తేటనీటిని పోసి, గంట తరువాత వాడుకోవాలి. తాగే నీటిని ఆ తరువాత కూడా కొన్ని వారాలు మరిగించుకోవడమే క్షేమం.

ఫ్రిజ్జు, వాషింగ్ మెషిన్, మిక్సీ ‘పనిచేస్తుందేమో చూద్దాం’ అని స్విచ్ వేయకుండా ఆపడం కూడా సాయమే. మునిగిన బైకునూ ఆటోనూ స్టార్ట్ చేయకుండా మెకానిక్ దగ్గరికి నెట్టుకుంటూ చేర్చండి. ఇంజనులో నీరుండగా స్టార్ట్ చేస్తే లోపలి భాగాలు వంగిపోతాయి, బీమా సంస్థ ఆ నష్టాన్ని ఒప్పుకోకపోవచ్చు.

ఇచ్చే వస్తువు, తీసే ఫోటో

ప్రతి విపత్తు తరువాతా రోడ్ల పక్కన పాత బట్టల గుట్టలు వానకు తడుస్తూ కనిపిస్తాయి. వాటిని ఏరడానికి, మోయడానికి, చివరికి పారేయడానికి వీధివారి సమయమే ఖర్చవుతుంది. బట్టలు ఇవ్వాలనుకుంటే కొత్తవి ఇవ్వండి, ముఖ్యంగా లోదుస్తులు, లుంగీలు, నైటీలు, తువ్వాళ్లు, దుప్పట్లు. కొలతలు వీధి పుస్తకంలో రాసుకుని మరీ కొనండి. వీలైతే అదే ప్రాంతంలో తెరిచిన దుకాణంలో కొనండి, ఆ దుకాణదారు కూడా మునిగినవాడే.

ఇచ్చేటప్పుడు చేయి చాపిన మనిషి ఫోటో తీయకండి. దాతలకు లెక్క చూపాలంటే బిల్లుల ఫోటో, సరుకుల ఫోటో, శుభ్రపడిన గది ఫోటో చాలు. ఇల్లు పోయినవారిని ‘ఎంత నష్టం, ఎలా జరిగింది’ అని వచ్చిన ప్రతివారూ అడుగుతారు, మీరు అడగవద్దు. వారే చెబితే పార పక్కన పెట్టి వినండి.

ఆడవారు తమకు కావలసినవి మగవారి జట్టుకు చెప్పలేరు కనుక, ప్రతి జట్టులో మహిళలు ఉండాలి. పిల్లలను పనిలోకి దించకండి, వారిని ఒంటరిగా ఎక్కడికీ తీసుకెళ్లకండి.

డబ్బు

విరాళాలు సేకరించేవారు ఒకే ఖాతా, ఇద్దరి సంతకం, ప్రతి ఖర్చుకూ బిల్లు అన్న పద్ధతి మొదటి రోజే పెట్టుకోవాలి. ఇచ్చేవారు వాట్సాప్‌లో తిరిగే క్యూఆర్ కోడ్‌ను నమ్మకూడదు. విపత్తు వార్త వచ్చిన గంటల్లోనే నకిలీ ఖాతాలు పుడతాయి. ముఖ్యమంత్రి సహాయ నిధికి పంపేవారు ప్రభుత్వ వెబ్‌సైటులోని ఖాతానే వాడాలి.

విదేశాల్లో ఉన్న తెలుగువారు వస్తువులు పంపవద్దు, అవి కస్టమ్స్ దాటేసరికి నీరే కాదు బురద కూడా ఆరిపోతుంది. డబ్బు పంపేవారు ఒక చట్టాన్ని తెలుసుకోవాలి: విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇచ్చే విరాళం విదేశీ విరాళం కిందికి వస్తుంది, ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు ఉన్న సంస్థలే దాన్ని తీసుకోగలవు. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులు తమ సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపే విరాళానికి ఈ అడ్డంకి లేదు.

రెండో వారం నుంచి మూడో నెల దాకా

వీధి ఆరుతుంది, జ్వరాలు మొదలవుతాయి. కాలి వేళ్ల మధ్య ఒరుసులు, విరేచనాలు, ఆ తరువాత డెంగీ, మలేరియా. బకెట్లలో, పగిలిన కుండీల్లో, టైర్లలో నిలిచిన నీటిని వారానికి ఒకసారి పారబోయించండి. విరేచనాలు అయిన ఇంట్లో ఓఆర్‌ఎస్ లేకపోతే లీటరు శుభ్రమైన నీటికి ఆరు సమమైన టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి తాగించమని నేర్పండి. రెండు రోజులు దాటిన జ్వరాన్ని ఆశా కార్యకర్తకు చెప్పండి.

ఈ దశలో పెద్ద పని కాగితాలది. నష్టం నమోదు జాబితా సచివాలయంలో పెట్టినప్పుడు మీ వీధి పుస్తకాన్ని పక్కన పెట్టుకుని పేరు పేరునా సరిచూడండి. సర్వే రోజు ఆసుపత్రిలో ఉన్నవారు, బంధువుల ఇంటికి వెళ్లినవారు, తాళం వేసి ఉందని వదిలేసిన ఇళ్లు, ఇంటి యజమాని పేరే తప్ప అద్దెదారు పేరు లేని ఇళ్లు, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం కాక డబ్బు ఆగిపోయినవారు బయటపడతారు. చదువు రాని మనిషికి అర్జీ రాసిపెట్టి, ఆఫీసు దాకా తోడు వెళ్లి, అందినట్టు రసీదు తీసుకుని వచ్చే సాయానికి ఒక పూట పడుతుంది. ఆ కుటుంబానికి అది నెలల తిండి కావచ్చు.

ఆ తరువాత బతుకుతెరువు. ఇంట్లో బియ్యం ఉన్నా, కుట్టుమిషను మునిగిన దర్జీకి, తోపుడుబండి కొట్టుకుపోయిన ఇడ్లీల ఆవిడకు, మిషన్లు తడిసిన జిరాక్స్ షాపు కుర్రవాడికి చేతిలో పని లేదు. వందమందికి వంద దుప్పట్లు ఇచ్చే డబ్బుతో ఇద్దరు ముగ్గురి పనిముట్లు బాగుచేయించడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అధిక వడ్డీకి అప్పు చేయడం సరిగ్గా ఈ వారాల్లోనే మొదలవుతుంది. కుట్టుమిషను చాలాసార్లు కొత్తది అక్కర్లేదు. విప్పి, కిరోసిన్‌తో కడిగి, నూనె వేసి, బెల్టు మారిస్తే నడుస్తుంది. బడి పిల్లలకు పాఠ్యపుస్తకాలు ప్రభుత్వం మళ్లీ ఇచ్చినా, రాసుకున్న నోట్సులు పోతాయి. పక్క బడి పిల్లల నోట్సులు జిరాక్స్ తీయించి ఇవ్వండి. పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు ఇది ముందుగా చేయాలి.

ఇదంతా వరదకు రాసింది. తుపాను గాలి దెబ్బతీసిన చోట వరుస మారుతుంది: 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కూలింది కొబ్బరి, జీడి తోటలు. అక్కడ ముందు కావలసింది చెట్లు కోసే రంపాలు, పైకప్పు మీదికి టార్పాలిన్లు, ఆపై కొత్త మొక్క కాపుకు వచ్చేదాకా ఆ రైతుకు దొరకవలసిన ఆదాయం. అక్కడ మూడు నెలల లెక్క సరిపోదు, ఏళ్ల లెక్క వేసుకోవాలి.

మీ జట్టు ఆ వీధి నుంచి తప్పుకునే ముందు, వీధి పుస్తకాన్ని అక్కడి డ్వాక్రా సంఘం లీడరుకో, అంగన్‌వాడీ టీచరుకో అప్పగించండి. ఏ అర్జీ ఏ ఆఫీసులో ఆగి ఉందో, ఎవరి మిషను ఎవరి దగ్గర బాగవుతోందో, ఎవరికి ఇంకా ఏమి ఇస్తామని మాట ఇచ్చారో చివరి పేజీలో తేదీలతో రాసి ఇవ్వాలి. ఆ మాటల్లో నిలబెట్టుకోలేనివి ఉంటే ఆ ఇంటికి వెళ్లి చెప్పాలి, ఫోనులో కాదు. మీ ఫోన్లలో మిగిలిన ఆధార్ ఫోటోలు, జబ్బుల వివరాలు, ఫోన్ నంబర్లు జట్టులో అందరూ ఒకేచోట కూర్చుని తుడిచేయండి. వచ్చే జూన్‌లో వానలకు ముందు ఒక ఆదివారం మళ్లీ ఆ వీధికి వెళ్లి, కాగితాలను పై అటక మీద ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకున్నారా, మెయిన్ స్విచ్‌ను నీటి గీతకు పైకి మార్పించుకున్నారా, మంచాన ఉన్నవారిని ఎవరు ఎత్తుకెళ్లాలో పక్కింటివారితో మాట్లాడుకున్నారా అని ఇంటింటా అడిగి రండి.